చుక్కలమ్మ చేతిపని

బకెట్లో గుడ్డ జాడించి, గట్టిగా పిండి, చుక్కలమ్మ గది మూలనుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఒకసారి తుడవడం అప్పుడే అయింది. అది మట్టి పోవడానికి. ఇది కంటికి కనపడని దుమ్ము పైకి లేవకుండా నేలకు అణిగి ఉండడానికి. మోకాళ్ల మీద కూర్చుని గోడవైపునుంచి గుమ్మంవైపుకు వెనక్కి జరుగుతూ, తుడిచిన చోట మళ్లీ కాలు పెట్టకుండా, చెయ్యి చాచినంత మేరా తడిని చాపలా పరుచుకుంటూ వస్తోంది.

"కాళ్లు," అంది తలెత్తకుండా.

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న భర్త రెండు కాళ్లూ గాల్లోకి ఎత్తాడు. ముప్పైరెండేళ్లు సిటీబస్సు నడిపి దిగినవాడు. వీధిలో అందరికీ ఇప్పటికీ డ్రైవరుగారే.

"ఎంతసేపే ఇలా? నడుం పట్టేస్తోంది."

"ఆ పేపరు కూడా మడిచెయ్యండి. తిప్పినప్పుడల్లా నూగు రాలుతుంది."

"పేపరుకి నూగేమిటి?"

"ఉంటుంది. మీకు కనపడదు."

"ఎదురుగా వచ్చే లారీలు కనపడ్డాయి, చాలు. నూగు కనపడకపోతే ఏం కొంప మునిగింది?" అన్నాడు గానీ పేపరు మడిచాడు. మడిచి ఒళ్లో పెట్టుకుని, భార్య వంక కాసేపు చూశాడు. "రోజూ ఒకసారే తుడుస్తావు. ఇవాళ రెండోసారి ఎందుకో నాకు తెలుసులే."

ఆమె ఆఖరి మూర తుడిచి, బకెట్ ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

"ఫ్యాను వెయ్యకండి," అని అక్కణ్నుంచే కేక వేసింది.

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"పీల్చుకోండి. వదలొద్దు."

గది చిన్నది. ఒకటే కిటికీ, దానికి మందపాటి నల్లగుడ్డ. గోడకు ఆనించి టేబులు. టేబులు మీద నిలువుగా నిలబడి ఉన్న ఇనపకడ్డీ ఒకప్పుడు ఫొటో స్టూడియోలో ఎన్‌లార్జరుది. చిన్న నెగెటివ్‌ను పెద్ద బొమ్మగా కాగితం మీదికి దించే యంత్రం అది. స్టూడియో మూసేశాక పాతసామాన్లవాడు దాని తలకాయ పట్టుకుపోయాడు. కడ్డీ, దాని కింద చెక్కపీట మిగిలాయి. డ్రైవరు ఆ కడ్డీకి రెండు బోల్టులు, బస్సు అద్దాన్ని పట్టి ఉంచే బిగింపు ఒకటి తగిలించి, మేనకోడలిచ్చిన డిజిటల్ కెమెరాను ముఖం నేలకు పెట్టి వేలాడదీశాడు. వేలాడదీశాక రెండడుగులు వెనక్కి వేసి చూసి, "అచ్చం గబ్బిలమే," అన్నాడు. అప్పటినుంచి దాని పేరు గబ్బిలం.

గబ్బిలం కింద పలకంత దీపం ఉంటుంది. బొమ్మలు దిద్దుకునే పిల్లలకోసం అమ్మేది. పుస్తకమంత మందం కూడా లేదు, మీట నొక్కితే పాలు పోసినట్టు తెల్లగా వెలుగుతుంది. దాని మీద నల్ల అట్టముక్క. అట్టలో ఫిల్ము పట్టేంత కిటికీ కోసి, రెండు వైపులా సన్నని పట్టీలు అంటించింది చుక్కలమ్మ. ఫిల్మును ఆ పట్టీల మధ్యకు జారిస్తే బస్సు స్టాపులో ఆగినట్టు సరిగ్గా ఆగుతుంది. ఈ పోలిక డ్రైవరుదే.

కెమెరా మీట నొక్కాక పది సెకన్లు ఆగి గబ్బిలం తనంతట తానే బొమ్మ తీస్తుంది. చెయ్యి తగిలితే బొమ్మ కదిలిపోతుందని అలా పెట్టుకుంది. ఆ పది సెకన్లూ ఇంట్లో ఎవరూ అడుగు వెయ్యకూడదు. పాత ఇల్లు, నేల అదురుతుంది. "నిలబడండి!" అని ఆమె అనగానే డ్రైవరు ఎక్కడున్నవాడు అక్కడ బొమ్మలా నిలిచిపోతాడు. ఒకసారి మంచినీళ్ల గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి చొక్కాలో తల దూర్చి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆ రోజు ఆమెకు నవ్వు ఆగక టేబులు కదిలి, నాలుగుసార్లు తియ్యాల్సి వచ్చింది.

మంచం కింద నాలుగు ట్రంకుపెట్టెలున్నాయి. స్టూడియో మూసిన రోజున దాని యజమాని మాస్టారి కొడుకు వాటిని చెత్తబండికి ఎత్తిస్తుంటే చుక్కలమ్మ అడ్డంపడింది. గట్టిగా మాట్లాడడం ఆమెకు రాదు. బండికీ పెట్టెలకూ మధ్య వెళ్లి నిలబడింది, అంతే. ఆ అబ్బాయి విసుక్కుని, "పట్టుకుపోండమ్మా, మీకెందుకో ఇవి," అన్నాడు. తోపుడుబండి మీద వేయించుకుని తెచ్చుకుంది. రోజుకొక కట్ట విప్పుతుంది. ఒక్కొక్క ఫిల్మునూ దులిపి, తీసి, కంప్యూటర్లో తెలుపును నలుపు, నలుపును తెలుపు చేసి, దాని నంబరుతోనే దాస్తుంది. సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, అప్పుడప్పుడు ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి, "మా నాన్నగారిది ఏమన్నా ఉందాండీ?" అని అడుగుతారు. ఉంటే ఇస్తుంది. లేకపోతే తన తప్పే అన్నట్టు మొహం చిన్నబుచ్చుకుంటుంది.

స్టూడియోలో ఆమె పని చుక్కలు పెట్టడం.

ఎనిమిదో తరగతి అయ్యాక చేరింది. నెగెటివ్ మీద దుమ్ము పడితే కాగితం మీద తెల్లచుక్క వస్తుంది. సన్నని కుంచెతో రంగు అద్ది, చుక్క పక్కన చుక్క పెట్టి దాన్ని మాయం చెయ్యాలి. మొహం మీది మొటిమలు, మచ్చలు, గాట్ల సంగతి వేరు. కాగితం మీద నల్లగా కనపడేవి నెగెటివ్‌లో పల్చగా, వెలుగు దూరేలా ఉంటాయి. టర్పెంటైన్‌లో కరిగించిన జిగురును వేలికొసతో ఫిల్ము మీద పల్చగా రాసి, అది ఆరాక, సూదిలా చెక్కిన పెన్సిలుతో చిన్నచిన్న కొక్కేల్లాంటి గీతలు పెట్టి, చుట్టుపక్కల రంగుతో కలిపెయ్యాలి. గీత కనపడితే పని చెడినట్టు. కనపడకపోతే చేసినట్టు. అలా ముప్పైఆరేళ్లు కనపడని పని చేసింది. పేరెవరికీ గుర్తులేదు గానీ, చుక్కలమ్మ అంటే మాత్రం ఆ వీధి వీధంతా చూపుడువేలితో చూపించేవాళ్లు.

మాస్టారు మంచివాడే, మెప్పు దగ్గర మాత్రం పిసినారి. బాగుంటే ఏమీ అనడు, బాగాలేకపోతే రెండు మాటలంటాడు. అన్నేళ్లలో ఆయన ఒకే ఒక్కసారి, ఒక అమ్మాయి బొమ్మను భూతద్దం కింద పెట్టుకుని చాలాసేపు చూసి, తలెత్తి, "అతుకెక్కడమ్మా?" అని అడిగాడు. అప్పుడు చుక్కలమ్మకు ఇరవైమూడేళ్లు. ఆ బొమ్మ కాపీ ఒకటి స్టూడియో ముందు అద్దాల బీరువాలో పెట్టించాడు. పదకొండేళ్లు అక్కడే ఉంది. పొద్దున వస్తూ, సాయంత్రం పోతూ దాన్ని ఒకసారి చూసుకునేది. కింద స్టూడియో పేరుండేది. తన పేరు ఉండాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఆ బొమ్మే పోయిన గురువారం ఒక నర్సు సంచీలోంచి బయటికొచ్చింది.

"పిన్నిగారూ, చెప్పులు ఇక్కడ విప్పనా, లోపల విప్పనా? కుక్కుందా? ఉంటే ముందే చెప్పండి, నాకు ఇంజక్షన్లు వెయ్యడమే వచ్చు గానీ వేయించుకోవడం రాదు," అంటూనే లోపలికి వచ్చేసింది ఆమె. నలభై దాటిన మనిషి. ఆసుపత్రి బట్టల మీదే ఉంది. కూర్చోమనే లోపల కూర్చుంది, మంచినీళ్లు ఇచ్చే లోపల కూజాలోంచి తనే వంచుకుంది. డ్రైవరు ఆ రాత్రి భోజనాల దగ్గర, "ఆ అమ్మాయిది హారన్ కాదే, ఇంజను. తాళం తీసేదాకా ఆగదు," అన్నాడు.

"మా అమ్మ ఫొటో పిన్నిగారూ. నేను ఎనిమిది నెలల పిల్లనప్పుడు పోయింది. ఉన్నది ఇదొక్కటే. పసుపుపచ్చగా అయిపోతోంది, మూల మీద బూజు కూడా పట్టింది. వెనకాల నంబరుంది, మీ దగ్గర ఫిల్ముంటే కొత్తది చేసిపెడతారేమోనని."

చుక్కలమ్మ ఫ్రేమును తిప్పి చూసింది. స్టూడియో ముద్ర, 4172. ముందువైపుకు తిప్పింది. తిప్పగానే ఆమె మొహం విచ్చుకుంది.

"ఈ బొమ్మా! దీని మీద చేతిపని చేసింది నేనేనమ్మా."

"నిజంగా? అయితే మా అమ్మను చూశారా మీరు?" నర్సు కుర్చీ అంచుకు జరిగింది.

"లేదమ్మా. కెమెరా గదికీ మా గదికీ మధ్య గోడ. మనుషులు నెగెటివ్ అయ్యాకే మా దగ్గరికి వచ్చేవాళ్లు." కానీ సంతోషం ఆపుకోలేక చెప్పేసింది. "మాస్టారు దీన్ని చూసి అతుకెక్కడమ్మా అన్నారు. చెంప చూడు, ఎంత నున్నగా ఉందో."

"అదేగా అసలు గొడవంతా!" నర్సు పకపకా నవ్వింది. తన ఎడమ చెంప మీద, కంటికి కాస్త కిందుగా ఉన్న పుట్టుమచ్చను వేలితో తాకింది. మిరియం గింజంత మచ్చ. "చిన్నప్పుడు దీన్ని గిల్లుకునేదాన్ని. మా అమ్మమ్మ చేతి మీద ఒకటిచ్చి, అది మీ అమ్మదేనే, తనకీ సరిగ్గా అక్కడే ఉండేది, పోతూపోతూ నీకు అంటించి పోయింది అనేది. నాకు ఏడేళ్లప్పుడు కుర్చీ ఎక్కి ఫొటో దించి చూశాను. ఏదీ? చెంప అద్దంలా ఉంది. అబద్ధాలకోరుదానివని అమ్మమ్మతో రెండ్రోజులు మాట్లాడలేదు. పాపం, పోయేదాకా ఒకటే మాట. ఉండేదే, నా కళ్లతో చూశానే, ఫొటోలో పడలేదేమోనే అని. ముసలివాళ్లంతే కదా పిన్నిగారూ, పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి చెబుతారు."

చుక్కలమ్మ నవ్వలేదు. చేతిలోని ఫ్రేమును ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"వచ్చే గురువారం నాలుగింటికి డ్యూటీ దిగి వస్తాను. శుక్రవారం పొద్దున్నే నా బండి. బదిలీ అయిందిలెండి, చాలా దూరం. మళ్లీ ఇటు రావడం కుదరదు," అంది నర్సు, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ. గేటు దాటాక కూడా ఆమె మాటలు కాసేపు వినపడ్డాయి.

ఆ వారమంతా చుక్కలమ్మ స్లైడ్లు తీసింది. స్కూలు మాస్టారొకాయన ఇచ్చిపోయిన పెట్టెడు రంగు స్లైడ్లు, ఎక్కడెక్కడి పిట్టలో. స్లైడ్లు సుఖం. ఎరుపు ఎరుపులా, పచ్చ పచ్చలా, ఉన్నది ఉన్నట్టే కనపడుతుంది. తిరగెయ్యాల్సిన పని లేదు. "పిట్టలు ఎక్కడికీ ఎగిరిపోవు, ఆ పిల్లే ఎల్లుండి ఎగిరిపోతుంది," అని బుధవారం డ్రైవరు గుర్తుచేశాడు. "తెలుసు," అంది. మళ్లీ ఇంకో పిట్ట పెట్టింది.

ఇప్పుడిక గురువారం. నేల ఆరింది. చుక్కలమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, నూలు తొడుగులు వేసుకుంది. మూడో పెట్టెలో, అడుగునుంచి రెండో వరసలో కట్ట దొరికింది. బటర్ పేపరు కవరు మీద మాస్టారి చేతిరాతలో అంకెలు. ఫిల్మును అంచులు పట్టుకుని బయటికి తీసింది. పోస్టుకార్డులో సగముంటుంది. ఒక మూల బుడగలాగా కొంచెం లేచింది, మిగతాదంతా బాగానే ఉంది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టింది. మెత్తని కుంచెతో ఒకవైపుకే, ఒకే ఒక్కసారి దులిపింది. పట్టీల మధ్యకు జార్చి, దీపం వేసి, కిటికీ గుడ్డ లాగింది.

తెల్లని వెలుగు మీద నల్లటి మొహం, తెల్లటి జుట్టు. కొత్తవాళ్లు చూస్తే దెయ్యమనుకుంటారు. చుక్కలమ్మకు అవే మనుషుల అసలు మొహాలు. ఎదురుపడ్డ మనిషికన్నా ఇలా తిరగబడ్డ మనిషినే ఆమె త్వరగా గుర్తుపడుతుంది.

"నిలబడండి," అంది.

బయట గదిలో కుర్చీ కిర్రుమనడం ఆగిపోయింది. పదో సెకనుకు గబ్బిలం కిచ్చుమంది.

తీసినదాన్ని దాచుకున్నాక అప్పుడు, కెమెరా వెనక తెరమీద బొమ్మను పదింతలు చేసి, చెంప దగ్గరికి జరిపింది. మీట నొక్కిన వేలు మీటమీదే ఉండిపోయింది.

కంటికి కాస్త కిందుగా, ఆవగింజంత మేర, కొక్కేలు. ఒకదాని మీద ఒకటి చేపపొలుసుల్లా పేర్చిన గీతలు. ప్రతిదీ కొంచెం వాలి, చివర పైకి లేచి ఆగుతోంది. స్టూడియోలో ఇంకో ఇద్దరు ఈ పని చేసేవాళ్లు. వాళ్ల గీతలు తిన్నగా ఉంటాయి. ఈ వాలు ఆమె ఒక్కదానిదే. తన చేతిరాత తనకు తెలియదా?

ఆ రోజులు గుర్తుతెచ్చుకోవాలని చూసింది. మాస్టారి భూతద్దం గుర్తొచ్చింది, ఆయన అన్న మాట గుర్తొచ్చింది, ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే చెప్పులు నేలకు ఆననట్టు ఉండడం గుర్తొచ్చింది. పెన్సిలు కింద ఏం కప్పిందో మాత్రం గుర్తు రాలేదు. మొటిమ కావచ్చు. ఫిల్ము మీద సూదిబెజ్జం కావచ్చు. అలాంటివి రోజుకు నలభై కప్పేది. ఎవరిదీ, ఏమిటీ అని ఎప్పుడన్నా అడిగిందా?

భోజనాల దగ్గర ముద్ద నోటికి పోవడం లేదు. డ్రైవరు కంచంలోంచి తలెత్తాడు.

"మచ్చ ఉందా?"

"గీతలు నావే. కింద ఏముందో తెలియదు."

"తుడిస్తే తెలుస్తుందిగా?"

"నలభై ఏళ్ల జిగురండీ. రాయిలా బిగుసుకుని ఉంటుంది. రుద్దితే గీతలతోపాటు మొహం కూడా లేచి రావచ్చు. ఉన్నది ఒక్క ఫిల్ము." కంచంలో వేలితో గీత గీస్తూ అంది. "తుడవకపోతే ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు కొత్తగా చేసిస్తే ఎంతో సంతోషపడుతుంది. తుడిస్తే... మాస్టారు మెచ్చుకున్నది ఒకటే, అదీ పోతుంది."

డ్రైవరు లేచి, చెయ్యి కడుక్కుని, గోడమీది తమ పెళ్లిఫొటో దించుకుని వచ్చి ఆమె కంచం పక్కన పెట్టాడు. ఆయన కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటొకటి ఉంది, వేలు పట్టేంత. ఫొటోలో లేదు.

"దీన్ని మా అమ్మకు చూపిస్తే ఏమందో గుర్తుందా?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఈ అబ్బాయెవరు, మనవాడేడీ అన్నారు."

"నేను తియ్యమన్నానా?"

"అందంగా ఉన్నారు కదా దాంట్లో."

"ఉన్నాడు. వాడెవడో అందంగానే ఉన్నాడు. నలభై ఏళ్లనుంచి వాణ్ని నా గోడకు తగిలించుకుని ఊరుకున్నాను, పెళ్లాం చేసిన పని కదా అని." ఫొటోను తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఉన్నదున్నట్టు ఒకటి తీసి దాచుకున్నావా, లేదా?"

"పొద్దున్నే తీశాను."

"ఇంకేం మరి. బస్సు వెనక్కి తీసేటప్పుడు నేను దిగి, చుట్టూ చూసుకుని, మళ్లీ ఎక్కి తీసేవాణ్ని. నువ్వు దిగి చూసుకున్నావు. ఇక తియ్యి."

అగ్గిపుల్ల కొసకు దూది చుట్టింది. పొగలా పల్చగా, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా. టర్పెంటైన్ సీసా మూతలోకి నాలుగు చుక్కలు వంచి, అందులో ముంచి, తడిని గుడ్డకు అద్ది పోగొట్టింది. నెగెటివ్‌ను వెలుగుపలక మీద మెరుపు లేని వైపు పైకి పెట్టింది. పెన్సిలు ఆ వైపే పడుతుంది. ముందుగా అంచున, ఏ బొమ్మా లేని చోట తాకించి చూసింది. ఫిల్ముకేమీ కాలేదు. ఊపిరి బిగపట్టి చెంప మీద ఆనించింది. రుద్దలేదు. ఆనించి, ఎత్తి, కొత్త దూది చుట్టి, మళ్లీ ఆనించింది. మూడోసారికి దూది కొసన బూడిదరంగు కనపడింది. ఐదోసారికి గీతలు చెదిరి మసకయ్యాయి. ఆరు. ఏడు. మెడ పట్టేసింది. ముక్కు చివర చెమట చేరితే మోచేత్తో తుడుచుకుంది. తొమ్మిదోసారి పుల్ల ఎత్తేటప్పటికి, నల్లటి చెంపలోంచి వెలుగు పైకి వచ్చింది.

గుండ్రంగా ఉంది. సూదిబెజ్జం ఇంత గుండ్రంగా ఉండదు, దాని అంచులు చిరిగి ఉంటాయి. మొటిమ ఇంత తేటగా ఉండదు. కంటికి కాస్త కిందుగా, పలకమీది వెలుతురంతా ఆ ఒక్క బెజ్జంలోంచే తొంగిచూస్తున్నట్టు, పుట్టుమచ్చ.

చుక్కలమ్మ తొడుగులు విప్పి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవతల గదిలోంచి, "ఏమేవ్, కదలొచ్చా?" అని వినపడింది. ఆమె నిలబడమని అననే లేదు. ఆయనే గంటనుంచి కదలకుండా కూర్చున్నాడు.

"కదలండి," అంది.

మళ్లీ ఒక బొమ్మ తీసి, కంప్యూటర్లో తిరగేసి, మూలనున్న బుడగ మరక మాత్రం తీసింది. మొహం జోలికి పోలేదు. డ్రైవరు దాన్ని వీధి చివర జిరాక్సు షాపుకు పట్టుకెళ్లి, దళసరి కాగితం మీద అచ్చు వేయించుకుని అరగంటలో తిరిగొచ్చాడు. వస్తూనే గుమ్మంలో నిలబడి చిందులు తొక్కాడు.

"ఆ షాపువాడేమన్నాడో తెలుసా? చెంప మీద మరకుందండీ, ఒక్క నొక్కు నొక్కితే పోతుంది, తీసెయ్యమంటారా అని!"

"మీరేమన్నారు?"

"నొక్కావంటే వేలు విరిచి చేతిలో పెడతానన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు."

సరిగ్గా నాలుగుంపావుకు గేటు చప్పుడైంది. గేటు కన్నా ముందు మాటలు వచ్చాయి.

"ఆలస్యమైంది పిన్నిగారూ, ఏమనుకోకండి. పొద్దుటినుంచి అప్పగింతలే. ఆ స్టోరు తాళాలు ఎక్కడున్నాయి, ఈ రిజిస్టరు ఎక్కడుందని ప్రాణం తీశారు. బాబాయిగారూ, పోయిన వారం చెప్పారుగా, ఆ బీపీ మందు వేసుకుంటున్నారా? వేసుకోవట్లేదు, మీ మొహమే చెబుతోంది. నేనెళ్లిపోతే మిమ్మల్ని తిట్టేవాళ్లుండరు. దొరికిందా ఫిల్ము? దొరక్కపోయినా ఫరవాలేదు, నేనేమీ..."

"దొరికిందమ్మా. కూర్చో," అంది చుక్కలమ్మ.

కొత్త ఫొటోను కాగితం మడతలోంచి తీసి ఇచ్చింది. పాత ఫ్రేమును టేబులు మీద పెట్టింది. నర్సు ఫొటోను రెండు చేతులతో అందుకుని కిటికీ వైపు తిప్పింది.

"ఎంత బాగా వచ్చింది పిన్నిగారూ! జడ చూడండి, ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. జాకెట్టు మీద పువ్వులున్నాయా, నాకింతకాలం తెలియనే..."

ఆగింది.

ఫొటోను దగ్గరికి తెచ్చుకుంది. బొటనవేలితో కాగితాన్ని ఒకసారి తుడిచింది, నలక పడిందేమో అన్నట్టు. అది పోలేదు.

"మీ అమ్మమ్మ నిజమే చెప్పిందమ్మా," అంది చుక్కలమ్మ. ఈ నాలుగు మాటలనూ ఆమె మధ్యాహ్నం నుంచి లోపల పేర్చుకుంటూనే ఉంది. అయినా అతుకులన్నీ కనపడుతూనే బయటికొచ్చాయి. "దాన్ని నేనే తీసేశాను. ఎవరూ తియ్యమనలేదు. చెంప నున్నగా ఉంటే బాగుంటుందని నేనే అనుకున్నాను. నా గీతలే, నాకు తెలుసు. ఇవాళ తుడిచాను. ఇది అప్పుడు కెమెరా చూసిన మొహం. నేను చెయ్యి పెట్టని మొహం."

నర్సు చెయ్యి తన చెంప మీదికి వెళ్లింది. వేలు వెతుక్కోకుండానే మచ్చ మీద ఆగింది. కళ్లు మాత్రం ఫొటో మీదే ఉన్నాయి.

చాలాసేపటికి ఆమె లేచింది. కొత్త ఫొటోను సంచీలో మడతబెట్టిన బట్టల మధ్య, నలగకుండా, రెండు వైపులా మెత్తగా ఉండేలా సర్దింది. పాత ఫ్రేమును చేతిలోకి తీసుకుంది. సంచీ నోరు తెరిచే ఉంది. ఫ్రేమును అందులోకి దించబోయి, ఆగి, చుక్కలమ్మ వంక చూసింది. తర్వాత టేబులు దగ్గరికి వెళ్లి, దాన్ని ఇనపకడ్డీకి ఆనించి నిలబెట్టింది. జారుతుందేమోనని చూసి, కొంచెం ముందుకు లాగి, మళ్లీ నిలబెట్టింది. వెనక్కి తిరిగి చుక్కలమ్మ కుడిచేతిని అందుకుంది. నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టే మణికట్టు దగ్గర పట్టుకుని, అంతసేపూ ఉంచి, మెల్లగా వదిలింది.

గుమ్మంలో చెప్పులు వేసుకుంది. గేటు తీసి, మళ్లీ జాగ్రత్తగా గడియ పెట్టింది. వీధి మలుపు తిరిగేదాకా ఒక చెయ్యి సంచీ మీద, ఒక చెయ్యి చెంప మీద ఉంది.

"ఒక్క మాటైనా..." అనబోయాడు డ్రైవరు.

చుక్కలమ్మ చెయ్యెత్తింది. ఆయన ఎక్కడున్నవాడు అక్కడ, ఒక కాలు గడప అవతల, ఒక కాలు ఇవతల, కదలకుండా నిలిచిపోయాడు. ఆమె కూడా కదలకుండా నిలబడింది.

టేబులు మీద ఆర్పడం మరిచిపోయిన పలక తెల్లగా వెలుగుతోంది. దాని పక్కన కడ్డీకి ఆనుకుని, పసుపుబారిన ఫ్రేములో పంతొమ్మిదేళ్ల అమ్మాయి నవ్వాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ఆ చెంప మీద ఒక్క చుక్కయినా లేదు.